రెండు లేని రెట్టింపు

పావులూరి మల్లన ఒక చంపకమాలలో ఇరవై అంకెల సంఖ్యను పొదిగి పెట్టాడు. చదరంగం పటంలో మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా అరవై నాలుగో గడి దాకా రెట్టిస్తూ పోతే మొత్తం ఎన్ని గింజలు కావాలన్నది లెక్క. జవాబు 1,84,46,74,40,73,70,95,51,615. కాగితం మీద దించుకునేటప్పుడే ఒకటికి రెండుసార్లు సరిచూసుకోవలసిన ఈ సంఖ్యను మల్లన యతి ప్రాసలు చెడకుండా, మూడో పాదం మొదట్లోకి వచ్చేసరికే చెప్పి ముగించాడు.

ఆయన 11వ శతాబ్దపు కవి అని మన సాహిత్య చరిత్రలు చెబుతాయి. రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో, అంటే 9వ శతాబ్దంలో, మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణిత గ్రంథాన్ని మల్లన ‘సార సంగ్రహ గణితం’గా తెలుగులోకి తెచ్చాడు. తెలుగులో శాస్త్రాన్ని పద్యంలో చెప్పిన తొలి పుస్తకాల్లో అదొకటి. ఇంచుమించు మల్లన కాలంలోనే పండితుడు అల్‌బెరూనీ అరబిక్‌లో ఇదే చదరంగం లెక్క వేసి ఇదే మొత్తం రాశాడు. ఒకరి ఊసు ఒకరికి తెలియని ఇద్దరు మనుషులు, రెండు భాషల్లో, చివరి అంకె దాకా తేడా లేకుండా ఒకే చోటికి చేరారు.

పద్యంలో అంకెలుండవు, భూతసంఖ్యలుంటాయి. లోకంలో ఏ వస్తువు ఎన్ని ఉన్నాయని నమ్మకమో ఆ వస్తువు పేరే అంకెకు పేరు. చంద్రుడంటే ఒకటి, అగ్ని అంటే మూడు, వేదాలూ సముద్రాలూ నాలుగు, మన్మథుడి బాణాలు ఐదు, దిగ్గజాలు ఎనిమిది, ఆకాశం సున్నా. మొదటి మాట ఒకట్ల స్థానం, అక్కడి నుంచి ఎడమకు నడవాలి. ఈ పద్యంలో చంద్రుడు మూడుసార్లు, ఆకాశం రెండుసార్లు, కడలి రెండుసార్లు వస్తాయి. కులపర్వతాలు ఏడు కనుక ఏడు కావలసిన చోటల్లా మల్లన కొండను నిలబెట్టాడు. మూడు ఏడులు, మూడు కొండలు, మూడింటికీ మూడు వేర్వేరు పేర్లు. చంద్రుడు, నిప్పు, ఏనుగు, కొండ, కడలి, ఆకాశం వరుసగా వచ్చి నిలబడితే అదొక సంఖ్య. ఇంత ప్రకృతిని లోపల పెట్టుకున్న లెక్క నాకు ఇంకొకటి తెలియదు.

ఆ ఇరవై అంకెల్ని ఒకసారి నిదానంగా చూడండి. సున్నా ఉంది, ఒకటి ఉంది, మూడు నుంచి తొమ్మిది దాకా అన్నీ ఉన్నాయి. రెండు లేదు. రెండు తప్ప మరో అంకె ప్రమేయమే లేకుండా, రెట్టింపు మీద రెట్టింపుగా పుట్టిన సంఖ్యలో రెండు ఒక్క చోట కూడా కనబడదు. దీనికి లోతైన కారణమేమీ లేదు, కాకతాళీయమే. అయినా ఆ సంగతి మొదటిసారి కంటబడినప్పుడు కలిగిన ఆశ్చర్యం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

అరవై నాలుగు గడుల్నీ విడివిడిగా కూడనక్కర్లేదు. ఏ గడి దాకా కూడినా మొత్తం తర్వాతి గడిలోని గింజల కన్నా ఒకటే తక్కువ. మూడు గడుల మొత్తం 7, నాలుగో గడిలో 8. నాలుగు గడుల మొత్తం 15, అయిదో గడిలో 16. అందువల్ల పటం మొత్తానికి జవాబు రెండును అరవై నాలుగుసార్లు గుణించి ఒకటి తీసేస్తే వచ్చేది. ఆ గుణకారానికి కూడా దగ్గరి దారి ఉంది. రెండును వర్గం చేస్తే 4, దాన్ని వర్గం చేస్తే 16, ఆపైన 256, 65,536, 4,29,49,67,296. ఇంకొక్క వర్గంతో అరవై నాలుగో ఘాతం చేతికొస్తుంది. ఆరు మెట్లు, అంతే. ఈ దారి మనవాళ్లకు ఛందస్సు నేర్పింది. గురువో లఘువో, ప్రతి అక్షరానికీ రెండే అవకాశాలు కనుక ఒక పాదంలో ఎన్ని అక్షరాలుంటే అన్నిసార్లు రెండును గుణించాలి. పింగళుడు రెండువేల ఏళ్ల కిందటే ఛందశ్శాస్త్రంలో ఈ వర్గం చేసే ఉపాయం చెప్పాడు. చంపకమాల పాదానికి 21 అక్షరాలు. ఆ ఛందంలో పుట్టగల వృత్తాలు 20,97,152. వాటిలో ఒకటి ఎంచుకుని మల్లన తన రెట్టింపుల లెక్క చెప్పాడు. పద్యం నడకా, పద్యంలోని సంఖ్యా ఒకే గణితం నుంచి వచ్చాయి.

పద్యంలోని కొండల పక్కన నాకు తెలిసిన కొండను పెట్టి చూస్తాను. తార్నాక నుంచి ఈశాన్యంగా వెళితే మౌలాలి గుట్ట. పైన కుతుబ్‌షాహీల నాటి దర్గా, పాదాన కవయిత్రి మహ్‌లఖా బాయి చందా సమాధి, మధ్యలో నాలుగు వందల పైచిలుకు మెట్లు. మట్టి తక్కువ, చెట్లు తక్కువ, కనుచూపు ఆనేదంతా రాయి. ఉస్మానియా ఆవరణలో సీతాఫలం పొదల వెనక తలెత్తే గుండ్లూ, మౌలాలి బండా ఒకే రాతి కుటుంబం. భూమి లోపల కిలోమీటర్ల లోతున శిలాద్రవం మెల్లగా చల్లారి గ్రానైటైంది. పైనున్న బరువంతా యుగాల తరబడి కొట్టుకుపోయాక లోపలి రాయి వెలుగు చూసింది. హైదరాబాద్ గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు.

ఆ రాయి గడ్డకట్టిన క్షణం నుంచి ఎవరో పక్కన కూర్చుని సెకనుకో గింజ చొప్పున చదరంగం పటంలో వేస్తున్నారనుకుందాం. రాత్రీ పగలూ లేదు, ఆగడం లేదు. ఏడాదికి 3 కోట్ల 15 లక్షల పైచిలుకు సెకన్లు. 250 కోట్ల ఏళ్లలో పడిన గింజలు దాదాపు 789 కోట్ల కోట్లు. 56 గడులు నిండటానికి 720 కోట్ల కోట్లు చాలు. అంటే ఈపాటికి ఆ చేయి 57వ గడి మీద ఉంటుంది, ఆ గడి కూడా ఇప్పుడిప్పుడే మొదలైంది. డైనోసార్లు వచ్చాయి, పోయాయి. దక్కన్ మీద లావా పరుచుకుంది. మనిషి పుట్టాడు, గుట్ట మీదికి మెట్లు కట్టాడు. ఇంకా ఏడు గడులకు పైగా ఖాళీ. మొత్తం పటం నిండాలంటే దాదాపు 58,450 కోట్ల ఏళ్లు కావాలి. ఈ విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్లు మాత్రమే.

ఇదే లెక్క సగం పటానికి వేస్తే మనిషి ఆయుష్షుకు దగ్గరగా దిగివస్తుంది. మొదటి 32 గడులకు సెకనుకో గింజ చొప్పున 136 ఏళ్లు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడిన రోజున ఎవరైనా మొదలుపెట్టి ఉంటే 2054లో సగం పటం నిండుతుంది. రెండో సగంలోని ఒక్క మొదటి గడికే ఇంకో 136 ఏళ్లు.

గింజలకు బదులు ఇసుక తీసుకుందాం. మౌలాలి బండ ఎండకు వేడెక్కి, వానకు చల్లబడి, పొరలు పొరలుగా లేస్తుంది. పొర కింద మొరం, మొరంలోంచి ఇసుక. ఒక్కో రేణువు ఒక ఘన మిల్లీమీటరు చోటు తీసుకుంటే మల్లన చెప్పినన్ని రేణువులకు 18 ఘన కిలోమీటర్లకు పైగా జాగా కావాలి. మన భాషలో 651 టీఎంసీలు. నాగార్జునసాగర్ కట్టినప్పటి సామర్థ్యం 408 టీఎంసీలు. జలాశయాన్ని ఇసుకతో అంచుల దాకా నింపినా ఇంకా 243 టీఎంసీల ఇసుక బయటే ఉంటుంది.

ఇక్కడిదాకా చెప్పినవన్నీ ఈ సంఖ్య ఎంత పెద్దదో చెప్పేవే. అదే గుట్ట మీద దీన్ని చిన్నది చేసే వస్తువు కూడా ఉంది. మెట్ల పక్కన విరిగిన రాతి ముఖాన్ని దగ్గరగా చూస్తే మూడు రంగులు విడివిడిగా కనిపిస్తాయి. పొగచూరిన గాజులా మెరిసేది పలుగురాయి. నల్లగా, వేలిగోటితో గీరితే రేకులు లేచేది అభ్రకం. ఈ రెంటి మధ్యా చదునైన ముఖాలతో, ఎండ పడితే తళుక్కుమనే గులాబీ రంగు పలుకులున్నాయే, అవి పొటాషియం ఉన్న ఫెల్డ్‌స్పార్. హైదరాబాద్ బండలకు ఆ ఎర్రజీర వచ్చింది వీటివల్లే. రెండు మిల్లీమీటర్లకు మించని ఒక పలుకును తీసుకుంటే దాని బరువు పది మిల్లీగ్రాముల చుట్టుపక్కల. అందులోని పొటాషియం పరమాణువుల సంఖ్య, కాస్త అటూ ఇటుగా, మల్లన చంపకమాలలో చెప్పిన సంఖ్య. విశ్వం వయసుకు నలభై రెట్ల కాలం లెక్కించినా గానీ పూర్తికానిది, సాగర్‌లో పట్టనిది, వేలి కొస మీద ఆవగింజంత జాగాలో పట్టింది. ఆ పలుకును చూసినప్పుడల్లా నాకు పద్యంలోని మూడు కొండలు గుర్తొస్తాయి. కొండతో సంఖ్యను చెప్పాడు కవి, ఆ సంఖ్య కొండలోని రవ్వలోనే ఉంది.

ఆ పరమాణువుల్లో ప్రతి ఎనిమిదిన్నర వేలకు ఒకటి పొటాషియం-40. అది నిలకడగా ఉండదు. 125 కోట్ల ఏళ్లు గడిచేసరికి ఉన్నవాటిలో సగం కాల్షియంగానో ఆర్గాన్‌గానో మారిపోతాయి. మిగిలిన సగంలో సగం ఇంకో 125 కోట్ల ఏళ్లకు. చదరంగం లెక్కను వెనక్కి నడిపినట్టు, ప్రతి గడికీ సగమవుతూ పోవడం. మౌలాలి రాయి వయసు 250 కోట్ల ఏళ్లు కనుక ఆ పలుకు పుట్టినప్పుడున్న పొటాషియం-40లో ఇప్పుడు నాలుగో వంతే మిగిలింది. అంత కాలంలో ఈ కొండ నడిచింది రెండు గడులు. మనం పీల్చే గాలిలో నూటికి దాదాపు ఒక వంతు ఆర్గాన్ ఉంది కదా, అది ఇంచుమించు అంతా లోకంలోని రాళ్లలో పొటాషియం ఇలా తరిగిపోగా పుట్టిందే. హబ్సిగూడలోని ఎన్‌జీఆర్‌ఐ లాంటి చోట్ల శాస్త్రవేత్తలు రాతి వయసు చెప్పగలుగుతున్నది ఇలాంటి సగాల లెక్కతోనే. వాళ్లు ఏ గడిలో ఉన్నామో చూసి, మొదలెప్పుడో చెబుతారు.

సగమవడం రాతి పని. రెట్టింపవడం ప్రాణమున్నవాటి పని. తార్నాక నుంచి ఉప్పల్ వైపు వెళ్లే రోడ్డు మీదే పరిశోధన సంస్థలు ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ ఉన్నాయి. రసాయనం, కణం, రాయి ఒకే దారిలో. కణజీవశాస్త్రం చదివేవాళ్లకు మొదటి రోజే పరిచయమయ్యే జీవి ఈకోలై అనే బ్యాక్టీరియా. తిండి, వెచ్చదనం సరిగా అమరితే ప్రతి 20 నిమిషాలకూ ఒకటి రెండవుతుంది. అలా ఆగకుండా సాగితే ఒకే ఒక్క బ్యాక్టీరియా అరవై నాలుగు రెట్టింపులు పూర్తి చేయడానికి 21 గంటల 20 నిమిషాలు చాలు. ఒక్కోదాని బరువు గ్రాములో లక్ష కోట్లవ వంతు. నిన్న పొద్దున ఒకటిగా ఉన్నది ఇవాళ పొద్దున్నకి 18 టన్నులకు పైగా తూగాలి. ఎక్కడా అలా జరగదు. తిండి అయిపోతుంది, తమ వ్యర్థాలే తమకు విషమవుతాయి. రెట్టింపు ఎప్పుడూ తొలి గడుల్లోనే వేగంగా సాగి, మధ్యలో ఎక్కడో చతికిలబడుతుంది.

మన సంగతే చూడండి. ప్రతి మనిషీ ఒకే కణంగా మొదలయ్యాడు. పెద్దవాడి ఒంట్లో దాదాపు 37 లక్షల కోట్ల కణాలుంటాయని అంచనా. మధ్యలో చనిపోయిన కణాలను పక్కన పెడితే ఒకటి నుంచి అంతకు చేరడానికి సుమారు 45 రెట్టింపులు సరిపోతాయి. ఒక గుండె, ఒక మెదడు, పది వేళ్లు, చదివిన పద్యాన్ని గుర్తుపెట్టుకునే శక్తి, ఇవన్నీ నలభై అయిదు గడుల్లో. ఆ తర్వాత ఏమవుతుందో 1961లో లియొనార్డ్ హేఫ్లిక్, పాల్ మూర్‌హెడ్ చూపించారు. ఒంట్లోంచి తీసిన మామూలు కణాలను గాజుపాత్రలో పెంచితే 40 నుంచి 60 సార్ల వరకూ విభజన చెంది ఆగిపోయాయి. విభజన జరిగినప్పుడల్లా క్రోమోజోముల కొసలు కొంచెం కురచబడతాయని, అవి బాగా అరిగాక కణం ఇక చీలదని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. మామూలు కణం అరవై నాలుగో గడికి చేరకముందే దారి మూసుకుపోతోంది. క్యాన్సర్ కణం ఆ కొసలను మళ్లీ మళ్లీ పొడిగించుకుంటుంది, అందుకే ఆగదు. ఆగని రెట్టింపు ఎంత భయంకరమో దానివల్ల ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లకు తెలుసు. మన బతుకు ఆగే రెట్టింపు మీద నిలబడి ఉంది.

ఇంతవరకూ సంఖ్య పరిమాణాన్నే చూశాం. నాకు అంతకన్నా ఇష్టమైనది దాని లోపలి కూర్పు. మౌలాలి గుండ్ల మీద రాయి పొరలుగా లేస్తుందని చెప్పాను కదా. ఒక పొర ఊడితే కింద అదే వంపుతో, కొంచెం చిన్నదిగా, ఇంకో గుండు ఉంటుంది. మల్లన సంఖ్య కూడా అలాగే ఊడుతుంది. 4,29,49,67,296ను వర్గం చేసి ఒకటి తీస్తే ఈ సంఖ్య వస్తుంది. ఏ వర్గంలోంచి ఒకటి తీసినా అది ఆ వర్గమూలానికి అటూ ఇటూ ఉన్న రెండు సంఖ్యల లబ్ధమవుతుందని బడిలో నేర్చుకున్నాం. అందుకని మన సంఖ్య 4,29,49,67,295ను 4,29,49,67,297తో గుణిస్తే వచ్చేది. ఇందులో మొదటిది మళ్లీ అదే వంపు, 65,535 గుణకారం 65,537. 65,535ను విప్పితే 255, 257. 255ను విప్పితే 15, 17. 15ను విప్పితే 3, 5. ప్రతిసారీ పైపొర ఒక్కటి చేతికొస్తుంది, లోపల చిన్న గుండు మిగులుతుంది. ఊడిన పొరలు 3, 5, 17, 257, 65,537. అయిదూ ప్రధాన సంఖ్యలే, ఇక పగలవు.

అన్నిటికన్నా పైనున్న పొర, 4,29,49,67,297, మిగిలింది. ఇది కూడా పగలదనే 17వ శతాబ్దంలో గణితజ్ఞుడు ఫెర్మా నమ్మాడు. ముందటి అయిదూ పగలకపోతే ఆరోది మాత్రం ఎందుకు పగులుతుంది? ఈ నమ్మకం దాదాపు ఒక శతాబ్దం నిలిచింది. 1732లో ఆయిలర్ దాన్ని 641తో నిశ్శేషంగా భాగించాడు. ఆయనకు ఆ 641 గుడ్డిగా దొరకలేదు. ఈ సంఖ్యకు ప్రధాన కారణాంకం ఉంటే దాన్ని 64తో భాగించినప్పుడు 1 మిగిలి తీరాలని తర్వాత ఆయన నిరూపించాడు. అలాంటి ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, ఆ తర్వాత 641. చదరంగం గడుల సంఖ్య అరవై నాలుగు ఇక్కడ తాళంచెవిగా మళ్లీ వచ్చింది.

641 ఎందుకు సరిగ్గా పోతుందో చూపించే దారి ఎంత అందంగా ఉంటుందంటే, కాగితం కలం తీసుకుని ఒక్క నిమిషం నాతో రమ్మని అడగాలనిపిస్తుంది. 641 అంటే 640కి ఒకటి ఎక్కువ, 640 అంటే 5 గుణకారం 2⁷. మరో వైపు నుంచి 641 అంటే 625కు 16 కలిపినది, అంటే 5⁴ కు 2⁴ కలిపినది. 641తో భాగిస్తే 640కి శేషం మైనస్ ఒకటి అనుకోవచ్చు. దాన్ని నాలుగుసార్లు గుణిస్తే ప్లస్ ఒకటి. అంటే 5⁴ గుణకారం 2²⁸ కు శేషం 1. ఇక రెండో దారిలో 5⁴ శేషం మైనస్ 2⁴ తో సమానం. దాన్ని మొదటిదాంట్లో పెడితే మైనస్ 2³² కు శేషం 1. అంటే 2³² కు ఒకటి కలిపినది 641తో శేషం లేకుండా పోతుంది. 2³² కు ఒకటి కలిపినదే మన పైపొర. రెండో ముక్క 67,00,417. అదీ ప్రధాన సంఖ్యే.

కాబట్టి మల్లన సంఖ్యను పగలగొడితే ఏడు ముక్కలు. 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417. ఏదీ రెండోసారి రాదు.

సగం పటానికి దీంట్లో ఒక ప్రత్యేక గౌరవం ఉంది. 1796లో ఇంకా పందొమ్మిదేళ్లు నిండని గౌస్, వృత్తలేఖిని, గీతలు లేని స్కేలు, ఈ రెంటితోనే 17 సమాన భుజాల బహుభుజిని గీయవచ్చని కనిపెట్టాడు. గ్రీకుల కాలం నుంచీ ఎవరూ ఊహించని సంగతి. బేసి సంఖ్యలో భుజాలున్న ఏ బహుభుజి ఇలా గీయడానికి లొంగుతుందో ఆయన పెట్టిన నియమం చెబుతుంది. భుజాల సంఖ్య 3, 5, 17, 257, 65,537 లలో ఒకటి కావాలి, లేదా వీటిలో కొన్నిటిని ఒక్కోసారే వాడి గుణించగా వచ్చినది కావాలి. ఇంతవరకూ తెలిసినవి 31. వాటిలో అన్నిటికన్నా పెద్దది అయిదింటినీ కలిపి గుణించినది, 4,29,49,67,295. చదరంగంలో మొదటి 32 గడుల గింజలు సరిగ్గా అన్నే. ఆ సగం దాటి ఒక్క పొర ఎక్కితే 641 అడ్డొస్తుంది, బహుభుజి చేయి జారుతుంది.

మౌలాలి గుట్ట అంచున నిలబడితే మరో వైపు కుషాయిగూడ. అక్కడి ఈసీఐఎల్ 1967లో మొదలైంది. రెండేళ్లకే, 1969లో, టీడీసీ-12 అనే డిజిటల్ కంప్యూటర్ చేసింది. దేశంలో తయారై అమ్మకానికొచ్చిన తొలి కంప్యూటర్లలో అదొకటి. పేరులోని 12, కంప్యూటర్ ఒక్కసారిగా పట్టే ‘మాట’లో 12 బిట్లుంటాయన్న లెక్క. ప్రతి బిట్‌కూ గురువు, లఘువులా రెండే స్థితులు. 12 బిట్లతో లెక్కించగల పెద్ద సంఖ్య 4,095, అంటే 12 గడుల గింజలు. ఆ తర్వాత వచ్చిన టీడీసీ-316కు 16 బిట్లు, 65,535. 32 బిట్ల రోజులొచ్చాక ఇంటర్నెట్ చిరునామాలను సగం పటం మీద పేర్చారు. ఆ 429 కోట్ల చిరునామాల్లో పంచడానికి మిగిలిన చివరి కట్టలు 2011 ఫిబ్రవరిలో అయిపోయాయి. ఇప్పుడు తార్నాక చౌరస్తాలో బస్సు కోసం నిలబడ్డవాళ్లలో చాలామంది జేబులోని ఫోను 64 బిట్లదే. ఒక్క మాటలో అది పట్టుకోగల అతిపెద్ద పూర్ణసంఖ్య 1,84,46,74,40,73,70,95,51,615. మల్లన పద్యంలో సముద్రాలూ కొండలూ పేర్చి చెప్పినదానికి అటూ ఇటూ ఒక్క గింజ తేడా లేదు. దాన్ని ఎన్నిసార్లు తలచుకున్నా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఈ సంఖ్య ఇరుగుపొరుగును కూడా చూడాలి. వెనక్కి నడిస్తే మొదట తగిలే ప్రధాన సంఖ్య 58 అడుగుల దూరంలో ఉంది. ముందుకు ఒక్క అడుగు వేస్తే రెండు అరవై నాలుగో ఘాతం, అందులో రెండు తప్ప ఇంకేమీ లేదు. ఏడు వేర్వేరు ప్రధానాల పక్కనే అరవై నాలుగు రెండ్లు. ఇంకో అడుగు వేస్తే 2⁶⁴ + 1, ఫెర్మా వరుసలో తర్వాతి పొర. మల్లన పద్యంలో ఒకట్ల స్థానంలోని అయిదుకు రెండు కలిపితే చాలు, అది వస్తుంది. మల్లన సంఖ్యను పొరలుగా విప్పడం బడిపిల్లలకు కూడా వచ్చు, దీనికి ఆ పొరలు లేవు. ఆయిలర్ తర్వాత నూరేళ్లు దాటినా ఎవరూ విరగ్గొట్టలేదు. 1855లో క్లౌసెన్ అనే గణితజ్ఞుడు గౌస్‌కు రాసిన ఉత్తరంలో దాని రెండు ముక్కలూ ఉన్నాయి కానీ ఆ సంగతి బయటికి రాలేదు. 1880లో ఫ్రాన్స్‌లో లాండ్రీ అనే గణితజ్ఞుడు 82 ఏళ్ల వయసులో ఒంటిచేత్తో మళ్లీ సాధించాడు. 2,74,177 ఒక ముక్క, 6,72,80,42,13,10,721 రెండోది.

ఆ పైపొరలు ఇంకా ఉన్నాయి, ప్రతిదీ ముందుదానికి వర్గమంత. 65,537 తర్వాత ఈ వరుసలో పరీక్షకు లొంగినవాటిలో ఒక్క ప్రధాన సంఖ్య కూడా కనబడలేదు. 2ను 32సార్లు వర్గం చేసి ఒకటి కలిపినది కూడా ప్రధానం కాదని తేలిపోయింది. 33సార్లు వర్గం చేసి ఒకటి కలిపితే వచ్చే సంఖ్యకు 258 కోట్లకు పైగా అంకెలుంటాయి. మౌలాలి రాయి పుట్టిన ఏడాది మొదలు ఏడాదికో అంకె రాసినా ఇంకా పూర్తికాదు. అది పగులుతుందో లేదో గణితజ్ఞులు నేటికీ వెతుకుతున్నారు.